గోదావరి గట్టున బొమ్మల ఇల్లు

రాజమండ్రి అనగానే మనవాళ్ళకు ముందు గోదావరి, ఆ వెనుక నన్నయభట్టు, ఆ వెనుక వీరేశలింగంగారు జ్ఞాపకం వస్తారు. 2015లో పేరు మళ్ళీ రాజమహేంద్రవరమైనా నోటికి రాజమండ్రే. రాజరాజనరేంద్రుని కొలువులో భారతం తెలుగైన ఊరు. 1881 డిసెంబరు 11న వీరేశలింగంగారు తొలి వితంతు వివాహం జరిపించిన ఊరు. ఇంతా చెప్పి దామెర్ల రామారావు పేరు మరచిపోతాం. తెలుగు పాఠాలు చెప్పుకు బ్రతికే నాబోటివాళ్ళదే ఇందులో మొదటి తప్పు.

రామారావు 1897లో పుట్టాడు. ఆనాడు ఇక్కడి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రేదొర స్వయంగా చిత్రకారుడు. బొమ్మలు గీసే కుర్రవాళ్ళను చేరదీసేవాడు. అడివి బాపిరాజుగారూ ఆయన శిష్యులే. ఆ దొర ప్రోద్బలంతోనే రామారావు 1916లో బొంబాయి జె.జె. చిత్రకళాశాలలో చేరాడు. పాశ్చాత్యుల పద్ధతిలో చెయ్యి సాధించాడు గాని, దానితో గీసినవి మన కథలు, మన ఆడవాళ్ళు, మన గోదావరి. చదువయ్యాక ఊరికే తిరిగివచ్చి నలుగురికీ బొమ్మలు నేర్పడానికి పూనుకున్నాడు. భార్య సత్యవాణిగారూ, చెల్లెలు బుచ్చికృష్ణమ్మగారూ కుంచె పట్టారు. ఆ రోజుల్లో అదేమీ చిన్న సంగతి కాదు!

1925 ఫిబ్రవరిలో మశూచి వచ్చి పోయాడు. ఇరవై ఎనిమిదేళ్ళు నిండనేలేదు.

మిత్రుడు వరదా వెంకటరత్నంగారు పూనుకోబట్టి బొమ్మలు చెల్లాచెదరు కాలేదు. గట్టు రోడ్డు మీద రామారావు పేరిట ఉన్న చిత్రశాలలో ఈనాటికీ చూడవచ్చు. 'పుష్పాలంకరణ' ముందు నిలబడితే ఆ స్త్రీల మెడవంపులు చూస్తూ కాలు కదలదు.

పద్యం తాటాకు మీద చెదలు తిన్నా ఇంకొకరి నోట బ్రతుకుతుంది. నన్నయ అలాగే మనదాకా వచ్చాడు. బొమ్మకు ఆ వీలు లేదు. ఉన్నది ఒక్కటే ప్రతి. నీటిరంగులకు ఎండ వెలుతురూ పడదు, చెమ్మా పడదు. ఆ కాగితం పోతే ఆ చెయ్యి పోయినట్టే.

ఆమధ్య మా పిల్లల్ని తీసుకువెళ్ళాను. ఆదికవి పద్యాలు గడగడ అప్పజెప్పే అమ్మాయి ఒకతె గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ అన్నది:

“రోజూ ఈ గట్టు మీదనే కాలేజీకి పోతున్నానండీ మాస్టారూ! ఇదేదో ఆఫీసనుకున్నాను.”

చెప్పులు విడిచి మళ్ళీ లోపలికి వెళ్ళింది.