యోగా పీరియడ్ తెలుగులో సాగితే

బళ్ళారి, హొసపేట వైపు బడుల పిల్లలకు విహారయాత్ర అంటే ముందుగా గుర్తొచ్చేది హంపి. రాతి రథం ముందు ఒక ఫొటో, సంగీత స్తంభాల దగ్గర ఇంకో ఫొటో, ఆ తర్వాత చెట్టు కింద పులిహోర పొట్లాలు. అక్కడి ఆలయ మండపాల స్తంభాల మీద జానెడు చోటులో జటలు కట్టిన యోగులు ఉంటారు. ఒకరు ఒంటికాలి మీద నిలబడి ఉంటారు, ఒకరు రెండు చేతుల మీద ఒళ్లంతా లేపి ఉంటారు, మరొకరు నడుము మెలితిప్పి ఉంటారు. 16వ శతాబ్దపు శిల్పులు చెక్కిన ఆసనాలివి. పిల్లలను ఆ స్తంభాల ముందు రెండు నిమిషాలు ఆపితే చాలు, యోగా ఎక్కడ పుట్టిందన్న పాఠం సగం చెప్పినట్టే.

మిగతా సగం శ్రీశైలంలో ఉంది. అక్కడ ప్రాకారపు గోడ మీద వరుసలు వరుసలుగా ఉన్న శిల్పాల్లోనూ ఆసనాలు వేసిన యోగులున్నారు. ఆ శ్రీశైలంతో సంబంధం ఉన్న తెలుగు కావ్యం ఒకటుంది, 15వ శతాబ్దంలో గౌరన ద్విపదలో రాసిన ‘నవనాథ చరిత్ర’. హఠయోగానికి ఆదిగురువులుగా చెప్పుకునే నాథ సిద్ధుల కథలు అందులో ఉన్నాయి. మన నాటక సమాజాలు తరతరాలుగా ఆడిన సారంగధరుడి కథ కూడా ఆ కావ్యంలోదే. కాళ్లూ చేతులూ నరికించుకున్న ఆ రాకుమారుడు గురువు దయతో యోగం సాధించి చౌరంగి అనే సిద్ధుడయ్యాడని కథ. సరిగ్గా అదే కాలంలో సంస్కృతంలో స్వాత్మారాముడు రాసిన ‘హఠప్రదీపిక’ సిద్ధుల పేర్లు వరుసగా చెబుతుంది, ఆ వరుసలో చౌరంగి ఉన్నాడు. సారంగధర నాటకం చూసిన తాతయ్యలకు ఈ సంగతి చెప్పండి, వాళ్లకు యోగా మీద గౌరవం పెరుగుతుంది.

అయితే మన పిల్లలు ఇప్పుడు వేస్తున్నవన్నీ వేల ఏళ్లుగా యథాతథంగా వస్తున్నాయని మాత్రం చెప్పకండి. పతంజలి యోగసూత్రాలు దాదాపు రెండు వందలుంటే ఆసనం గురించి చెప్పినవి మూడే. కూర్చున్న తీరు కదలకుండా, హాయిగా ఉండాలన్నదే ఆయన పట్టింపు. ‘హఠప్రదీపిక’ వివరించిన ఆసనాలు 15. మనం పొద్దున్నే వరుసగా వేయించే సూర్య నమస్కారాలు అందులో లేవు. వాటిని ఒక వ్యాయామ పద్ధతిగా జనంలోకి తెచ్చినవారిలో ముందు చెప్పాల్సింది 1920లలో మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానాధీశుడు బాలాసాహెబ్ పంత్ ప్రతినిధిని. యోగా మారుతూ వచ్చింది. అలా మారింది కాబట్టే బతికింది.

మైసూరు నుంచి పుణె దాకా

ఈ మార్పులో పెద్ద మలుపు మైసూరులో వచ్చింది. ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు కాలంలో అక్కడి కొలువులో తయారైన ‘శ్రీతత్త్వనిధి’లో 122 ఆసనాల బొమ్మలున్నాయి. తాడు పట్టుకుని వేసేవి, దండీల్లాంటివి కూడా వాటిలో కనిపిస్తాయి. అంటే తాలింఖానాకూ యోగానికీ మధ్య గోడ అంత ఎత్తుగా లేదన్నమాట. ఆ తర్వాత నాల్వడి కృష్ణరాజ ఒడెయరు ఆదరణలో 1933లో జగన్మోహన ప్యాలెస్‌లో యోగశాల తెరిచారు. అక్కడ నేర్పింది చిత్రదుర్గ ప్రాంతంలో పుట్టిన తిరుమలై కృష్ణమాచార్య. ఆయన ముందున్నది ఎక్కువగా కుర్రాళ్లు. కుర్రాళ్లను కళ్లు మూసుకుని గంటసేపు కూర్చోమంటే ఎవరు కూర్చుంటారు? అందుకే అక్కడి సాధన హుషారుగా, ఒక ఆసనం లోంచి ఇంకో ఆసనంలోకి దూకుతూ సాగేది. ఇదే గురువు తర్వాత మద్రాసు చేరాక, రోగులకూ పెద్దవాళ్లకూ నేర్పాల్సి వచ్చినప్పుడు, వేగం తగ్గించి ఊపిరికి పెద్దపీట వేశారు. మనిషిని బట్టి, వయసును బట్టి సాధన మారాలన్నది ఆయన పద్ధతి. ఆయన కుమారుడు దేశికాచార్ 1976లో చెన్నైలో ప్రారంభించిన కృష్ణమాచార్య యోగ మందిరం ఆ బాటలోనే నడిచింది. ఒకే గంటలో ఒకటో తరగతి పిల్లాడికీ హెడ్మాస్టారికీ ఒకే ఆసనాల వరుస వేయించే మనం ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

కోలారు జిల్లా బెళ్లూరులో 1918లో పుట్టిన బి.కె.ఎస్. అయ్యంగార్ చిన్నతనమంతా జబ్బులే. మలేరియా, టైఫాయిడ్, క్షయ ఒకదాని తర్వాత ఒకటి. 1934లో మైసూరులో అక్కాబావల ఇంటికి చేరాడు. ఆ బావే కృష్ణమాచార్య. 1937లో, 18 ఏళ్ల వయసులో, ఊరు కాని ఊరు పుణెకు యోగా నేర్పడానికి వెళ్లాడు. మరాఠీ రాదు, చేతిలో ఉన్నది కాస్తంత ఇంగ్లిష్. తనకన్నా పెద్దవాళ్లకు, తనది కాని భాషలో, కాలు ఎక్కడ పెట్టాలో, భుజం ఎటు తిప్పాలో చెప్పాలి. ఆ కుర్రాడే 1966లో ‘లైట్ ఆన్ యోగ’ రాసి ప్రపంచానికి ఆసనం చెప్పే తీరు నేర్పాడు. కాలి బొటనవేలు దగ్గర నుంచి మెడ దాకా ఏ భాగం ఏం చేయాలో మాటల్లో చెప్పడం ఆయన బోధనకు ప్రాణం. పరాయి భాషల నడుమ బడి నడుపుకుంటున్న మనకు ఈ కథ బాగా దగ్గరది.

ఇంకో సంగతి. కృష్ణమాచార్య తన ‘యోగ మకరంద’ను 1934లో రాసింది కన్నడంలో. సంస్కృతంలో ఉద్దండుడైన పండితుడు, తన చుట్టూ ఉన్నవాళ్ల భాషలో రాశాడు.

మడమ ఏది, పిక్క ఏది?

మరి మన బడుల్లో? 2014 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి తీర్మానం అయింది, 2015 నుంచి ఏటా జూన్ 21న యోగా దినోత్సవం చేస్తున్నాం. బడులు తెరిచిన కొద్ది రోజులకే వస్తుంది కాబట్టి హడావిడి ఎక్కువ. చాలాచోట్ల టీవీలో హిందీ వీడియో పెడతారు, లేదా బయటి నుంచి వచ్చిన శిక్షకుడు కన్నడంలోనో, తమిళంలోనో, మరాఠీలోనో, ఒడియాలోనో చెబుతాడు. పిల్లలు చెవులతో వినరు, పక్కవాడిని చూసి చేస్తారు. పక్కవాడు తప్పు చేస్తే వరుసంతా తప్పే. ఫొటో మాత్రం చక్కగా వస్తుంది. యోగసాధనను చెడగొట్టేవి ఆరున్నాయని చెబుతూ అతిగా తినడం, అతిగా మాట్లాడడం, ఒళ్లు అతిగా అలవడంతో పాటు జనసాంగత్యాన్నీ లెక్కలో వేశాడు స్వాత్మారాముడు. జూన్ 21న మైదానాలు చూస్తే ఆయన ఏమనేవాడో!

నా మనవి ఇది. ఆసనాల పేర్లు సంస్కృతంలోవే, అన్ని భాషలకూ ఉమ్మడి. వాటిని అలాగే ఉంచుదాం. కానీ సూచనలు తెలుగులో ఇద్దాం, రోజూ ఇద్దాం. తెలుగు మాధ్యమం బడిలో కూడా పిల్లవాడికి ‘నీ’, ‘ఎల్బో’ తెలిసినంతగా ముణుకు, మోచేయి తెలియడం లేదు. పిక్క, తుంటి, చీలమండ, మణికట్టు, డొక్క అంటే తెల్లమొహం వేస్తాడు. పాఠ్యపుస్తకంలో బొమ్మ గీసి బాణం గుర్తు పెడితే పరీక్ష దాకా గుర్తుంటుంది, ఆసనంలో వింటే ఒంటికి గుర్తుంటుంది.

భుజంగాసనం చూడండి. ‘బోర్లా పడుకోండి. మడమలు దగ్గరికి చేర్చండి. అరచేతులు భుజాల కింద ఆనించండి. మోచేతులు పక్కటెముకల దగ్గరే ఉంచండి. గాలి పీలుస్తూ గడ్డం, గొంతు, రొమ్ము ఒకదాని వెంట ఒకటి లేపండి, బొడ్డు నేల మీదే. గాలి వదులుతూ మెల్లగా దిగండి.’ ఇంత చిన్న సూచనలో తొమ్మిది శరీర భాగాల పేర్లు, ఎనిమిది క్రియలు వచ్చాయి. ఎవరికి మాట అర్థం కాలేదో టీచరుకు ఆ క్షణంలోనే కనిపిస్తుంది. ప్రశ్నపత్రం అక్కర్లేదు, మార్కులు అక్కర్లేదు. తెలుగు పీరియడ్‌లో ఇంత త్వరగా తెలిసిపోయే పరీక్ష నాకు ఇంకోటి దొరకలేదు.

పేర్లతోనూ ఆడుకోవచ్చు. భుజంగం అంటే పాము, శలభం అంటే మిడత, మకరం అంటే మొసలి, కుక్కుటం అంటే కోడి. పర్యాయపదాల పాఠం నేల మీదే అయిపోతుంది. తాడాసనాన్ని అయ్యంగార్ కొండ అన్నారు, ప్రభుత్వం వారి యోగా ప్రణాళిక తాటిచెట్టు అంది. తాడి అనే మాట ఇంట్లోనే ఉన్న తెలుగు పిల్లవాడికి రెండో అర్థమే సులువు. నిటారుగా నిలబెట్టి, చేతులు పైకెత్తి, మునివేళ్ల మీద లేపి, దూడగడ్డి కోసం తాడిచెట్టు ఎక్కినవాడి సామెత చెప్పండి. నవ్వితే తూలిపోతారు, నవ్వు ఆపుకుని నిలబడడమే సాధన.

ఏ తెలుగు అని అడుగుతారేమో. బాసింపట్టు వేసుకుని కూర్చో అని కొన్ని ఇళ్లలో అంటారు, మఠం వేసుకుని అని కొన్ని ఇళ్లలో, తెలంగాణ నుంచి సోలాపూర్ మగ్గాలకు వలస వెళ్లిన కుటుంబాల్లో సక్లముక్లం అంటారు. మడమను గుదికాలు అనే ఊళ్లున్నాయి. ఇంట్లో అమ్మమ్మ ఏమంటుందో కనుక్కుని రమ్మనండి. వచ్చిన మాటలన్నీ గోడ మీద అట్టముక్కకు రాయించండి. పుస్తకంలో లేదని ఏ మాటనూ కొట్టివేయవద్దు.

ఏం మేలు, ఎంత మేలు

తల్లిదండ్రులు అడిగేది ఇదే. నిజాయితీగా చెప్పుకుందాం. రోజూ చేస్తే ఒళ్లు వంగుతుంది, నిలకడ వస్తుంది, నిండా ఊపిరి తీయడం అలవాటవుతుంది, కూర్చున్న భంగిమ చక్కబడుతుంది. దీర్ఘకాలిక నడుము నొప్పికి మందుల కన్నా ముందు ప్రయత్నించదగ్గ వాటిలో యోగాను కూడా 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ చేర్చింది. మగ్గం గుంట ముందు, బీడీల చాట ముందు రోజంతా వంగి కూర్చునే తల్లిదండ్రులున్న ఇళ్లకు ఇది చిన్న మాట కాదు. పిల్లవాడు బడిలో నేర్చుకున్న నాలుగు ఆసనాలు సాయంత్రం అమ్మతో వేయించగలిగితే బడి ఇంటికి వెళ్లినట్టే. ఆ సూచనలు అమ్మ భాషలో ఉంటేనే అది సాధ్యం. అయితే షుగరు మాయమవుతుందని, మందులు మానేయవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి. జ్ఞాపకశక్తి రెట్టింపవుతుందనే ప్రకటనలూ అంతే.

గుంజీళ్లకు ఈమధ్య మెదడు యోగా అని విదేశీ పేరు పెట్టి గొప్ప చేస్తున్నారు. కాళ్లకు మంచి వ్యాయామమే. కానీ మన దగ్గర అది శిక్ష. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను శారీరకంగా శిక్షించడాన్ని నిషేధించింది. ఆలస్యంగా వచ్చినవాడితో గుంజీళ్లు, హోంవర్కు తేనివాడితో సూర్య నమస్కారాలు తీయించే బడిలో యోగా మీద ఇష్టం ఎలా పుడుతుంది?

జాగ్రత్తలు కొన్నే. తిన్న వెంటనే వద్దు. మధ్యాహ్న భోజనానికి ముందు పీరియడ్ బాగుంటుంది, అయితే పొద్దున ఏమీ తినకుండా వచ్చిన పిల్లలెవరో టీచరుకు తెలిసి ఉండాలి. శీర్షాసనం లాంటివి బడిలో అసలే వద్దు, మెడ మీద భారం పడుతుంది. ఉబ్బసం, మూర్ఛ ఉన్న పిల్లల విషయం తల్లిదండ్రులు ముందే చెప్పాలి. ఊపిరి బిగబట్టే పందాలు పెట్టకండి. వీరఘట్టంలో పుట్టి, ఒడిశాలోని బలంగీర్‌లో చివరి రోజులు గడిపిన కోడి రామమూర్తి ఊపిరి బిగించి ఇనుప గొలుసులు తెంపేవారని పిల్లలకు చెబితే, మరుక్షణం ముగ్గురు బుగ్గలు ఉబ్బించి కూర్చుంటారు. ఆ బలం వెనుక ఏళ్ల తరబడి తాలింఖానా సాధన ఉందని కూడా ఆ వెంటనే చెప్పాలి. ఇక మంత్రం, నమస్కారం విషయంలో ఏ ఇంటి పిల్లవాడినీ బలవంతపెట్టనక్కర్లేదు. నడుము వంచడానికి వాటితో పని లేదు.

మైదానం లేదని, మ్యాట్లు లేవని ఆగవద్దు. బెంచీల మధ్య నిలబడి తాడాసనం, వృక్షాసనం వేయవచ్చు. నేల మీదకైతే ఇంట్లో పాత దుప్పటి చాలు, సోలాపూర్ చద్దరైతే ఇంకా మంచిది. రోజుకు పన్నెండు నిమిషాలు పెట్టుకోండి. నిలబడి రెండు, కూర్చుని ఒకటి, బోర్లా ఒకటి వేయించి చివరి మూడు నిమిషాలు శవాసనానికి ఉంచండి. వెల్లకిలా పడుకోబెట్టి, కళ్లు మూయించి, టీచరు మెల్లగా కాలి వేళ్ల నుంచి మొదలుపెట్టాలి. చీలమండ వదులు చేయండి, పిక్క వదులు చేయండి, ముణుకు, తొడ, తుంటి, నడుము, వీపు, మణికట్టు, మోచేయి, మెడ, దవడ, రెప్పలు. గొంతు పెంచకండి, తొందరపడకండి. ఒకరిద్దరు నిజంగానే నిద్రపోతారు. గంట కొట్టేదాకా వాళ్లను లేపకండి.