పార్కిన్సన్స్: మెదడులోని వాపును స్కాన్‌లో చూడవచ్చా?

చేతులు వణకడం, నడక నెమ్మదించడం, కండరాలు బిగుసుకుపోవడం పార్కిన్సన్స్ వ్యాధి ప్రధాన లక్షణాలు. లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఈ వ్యాధిని వివరించారు. మెదడు లోతుల్లో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చిన్న నల్లని భాగం ఉంటుంది. కదలికలు సాఫీగా సాగేందుకు అవసరమైన డోపమైన్‌ను ఇక్కడి నాడీకణాలే తయారుచేస్తాయి. వణుకు బయటపడేసరికే వీటిలో చాలా భాగం నశించి ఉంటాయి. లెవోడోపా వంటి మందులు డోపమైన్ లోటును తీరుస్తాయి గానీ, కణాల మరణాన్ని ఆపలేవు. ఆపగలిగే మార్గం కోసం వెతుకుతున్న శాస్త్రవేత్తల దృష్టి మెదడులో జరిగే వాపు ప్రక్రియపై, అంటే ఇన్‌ఫ్లమేషన్‌పై పడింది.

కాపలా కణాలు

మెదడుకు మైక్రోగ్లియా అనే సొంత కాపలా కణాలున్నాయి. సూక్ష్మక్రిములు చొరబడినా, కణాలు దెబ్బతిన్నా ఇవి చురుకై చెత్తను శుభ్రం చేస్తాయి. కానీ ఆ చురుకుదనం ఎంతకీ తగ్గకపోతే ఇవి విడుదల చేసే రసాయనాలు ఆరోగ్యంగా ఉన్న నాడీకణాలకూ హాని చేస్తాయి. పార్కిన్సన్స్‌తో మరణించినవారి మెదళ్లను పరీక్షించిన కెనడా శాస్త్రవేత్తలు సబ్‌స్టాన్షియా నైగ్రాలో చురుకైన మైక్రోగ్లియా ఎక్కువగా ఉన్నట్టు 1988లో ప్రకటించారు. అయితే మరణానంతర పరీక్ష కథ ముగింపును మాత్రమే చూపిస్తుంది. వాపు ఎప్పుడు మొదలైందో, ఎలా వ్యాపించిందో తెలియాలంటే బతికున్నవారి మెదడులోకే చూడాలి.

పెట్ స్కాన్ ఎలా చూపిస్తుంది?

మైక్రోగ్లియా చురుకైన చోట టీఎస్‌పీఓ అనే ప్రొటీన్ ఎక్కువగా కనిపిస్తుంది. ఇది కణంలోని మైటోకాండ్రియా పైపొరలో ఉంటుంది. దీనికి అతుక్కునే పదార్థానికి కొద్దిపాటి రేడియోధార్మికతను జోడించి రక్తనాళంలోకి ఎక్కిస్తారు. దాన్నే ట్రేసర్ అంటారు. అది చేరిన చోటి నుంచి వెలువడే గామా కిరణాలను స్కానర్ పట్టుకుని చిత్రంగా మారుస్తుంది. ఇందులో వాడే కార్బన్-11 పరిమాణం ప్రతి 20 నిమిషాలకు సగానికి తగ్గిపోతుంది. అందుకే దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ యంత్రం స్కానర్‌కు దగ్గర్లోనే ఉండాలి. ఫ్లోరిన్-18 సగానికి తగ్గడానికి 110 నిమిషాలు పడుతుంది కాబట్టి దాన్ని దూరం నుంచీ తెప్పించుకోవచ్చు.

2006లో బ్రిటన్ పరిశోధకులు 18 మంది రోగులను ఇలా పరీక్షించారు. వాపు సంకేతం మెదడు కాండం, బేసల్ గాంగ్లియాలతో పాటు మెదడు పైపొరల్లోనూ కనిపించింది. కొందరిని సుమారు రెండేళ్ల తర్వాత మళ్లీ పరీక్షించగా సంకేతం పెద్దగా మారలేదు. వ్యాధి తీవ్రతతోనూ దానికి పొంతన కుదరలేదు. వాపు వ్యాధి తొలి దశలోనే మొదలై అలాగే కొనసాగుతూ ఉండవచ్చని పరిశోధకులు భావించారు.

చిక్కులు ఎక్కడ?

రెండో తరం ట్రేసర్లు అందరిలో ఒకేలా అతుక్కోవు. టీఎస్‌పీఓ జన్యువులోని ఒక చిన్న తేడా వల్ల కొందరిలో ఇవి చాలా బలహీనంగా అతుక్కుంటాయి. అందుకే స్కాన్‌కు ముందు జన్యుపరీక్ష చేస్తారు. పైగా ఈ ప్రొటీన్ మైక్రోగ్లియాలోనే కాక ఆస్ట్రోసైట్లలోనూ, రక్తనాళాల గోడల్లోనూ ఉంటుంది. మనుషుల్లో ఈ సంకేతం కణాలు ఎంత చురుగ్గా ఉన్నాయన్నదాని కన్నా, ఎన్ని ఉన్నాయన్నదాన్నే ఎక్కువగా సూచిస్తుందని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నాయి. ఆ కణాలు మేలు చేస్తున్నాయా, కీడు చేస్తున్నాయా అన్నది ఒక్క చిత్రంతో తేలదు.

ఈ జాగ్రత్త ఎందుకో ఒక మందు కథ చెబుతుంది. ఆక్సీకరణ నష్టాన్ని తగ్గించేందుకు రూపొందిన వెర్డిపెర్‌స్టాట్‌ను పార్కిన్సన్స్ రోగులకు 8 వారాలు ఇచ్చినప్పుడు పెట్ సంకేతం తగ్గినట్టు 2015లో వెల్లడైంది. కానీ పార్కిన్సన్స్‌ను పోలిన మల్టిపుల్ సిస్టమ్ అట్రోఫీ వ్యాధిలో అదే మందుపై జరిగిన పెద్ద ప్రయోగం 2021లో విఫలమైంది. చిత్రంలో మార్పు కనిపించినంత మాత్రాన రోగికి మేలు జరిగినట్టు కాదు.

అందువల్ల ఈ స్కాన్ ప్రస్తుతానికి పరిశోధనల సాధనమే. పార్కిన్సన్స్‌ను నిర్ధారించడానికి నరాల వైద్యులు ఇప్పటికీ లక్షణాలు, శారీరక పరీక్షలపైనే ప్రధానంగా ఆధారపడతారు. మైక్రోగ్లియాను మరింత కచ్చితంగా గుర్తించే కొత్త ట్రేసర్లపై ప్రయోగాలు సాగుతున్నాయి. అవి ఫలిస్తే, ఒక మందు మెదడులో చేరాల్సిన చోటికి చేరి పనిచేస్తోందో లేదో నెలల్లోనే తెలుసుకోవచ్చు. వణుకు తగ్గిందా లేదా అని ఏళ్ల తరబడి ఎదురుచూసే అవసరం తగ్గుతుంది.