రాజుగారి మేడ ఏది?

తెనాలి రామకృష్ణుడి కథలు వింటూ పెరిగిన పిల్లలు హంపీలో దిగగానే కృష్ణదేవరాయల మేడ కోసం వెతుకుతారు. రాజప్రాసాదాల ఆవరణలో వాళ్లకు కనిపించేవి రాతి అరుగులు, మెట్లు, ఒకప్పుడు స్తంభాలు నిలిపిన గుంటలు. విజయనగర కాలంలో గుళ్లను రాతితో కట్టారు. మేడలకు మాత్రం అరుగు రాతిది వేసి, పై కట్టడానికి ఎక్కువగా కలప వాడారు. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత నగరం దోపిడీకీ మంటలకూ గురైంది. కలప పోయింది, అరుగులు మిగిలాయి. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రోమ్ అంత పెద్దదని రాసిన నగరం ఇదే.

మేడ లేదని పిల్లలు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. రాజుల పేర్ల వరస అప్పజెప్పించే బదులు, ఇక్కడ మనుషులు పనిచేసిన ఆనవాళ్లు వెతకమంటే చాలు. పెద్దల కంటే ముందు వాళ్లే పట్టేస్తారు.

హోస్పేట దాటి బండి హంపీ దారి పట్టగానే మొదటి ప్రశ్న వస్తుంది: “నాన్నా, ఈ గుండ్లన్నీ ఎవరు పేర్చారు?”

ఎవరూ పేర్చలేదు. నేల అడుగున ఉన్నప్పుడే గ్రానైటు నిలువుగా, అడ్డంగా పగుళ్లిచ్చింది. నీరు ఆ పగుళ్లలోకి దిగి రాతి అంచులను అరగదీసింది. చుట్టూ ఉన్న మట్టి కొట్టుకుపోయాక గుండ్రటి బండలు ఒకదానిమీద ఒకటి అలాగే బయటపడ్డాయి. కొన్ని బండల మీద ఉలితో కొట్టిన చిన్న గాళ్లు బారుగా కనిపిస్తాయి. ఆ వరస వెంబడే బండను చీల్చి స్తంభాలకూ దూలాలకూ రాయి తీశారు. గాళ్లు పడి కూడా చీలకుండా మిగిలిపోయిన బండలు ఇప్పటికీ ఉన్నాయి.

విరూపాక్షాలయం తూర్పు గోపురం ఎత్తు దాదాపు 50 మీటర్లు. గుడి వెనక భాగంలోని చీకటి గదిలో దాని నీడ గోడ మీద తలకిందులుగా పడుతుంది. మాయేమీ లేదు. వెలుతురు ఎప్పుడూ తిన్నగానే పోతుంది. అందుకే గోపురం కొస నుంచి వచ్చే కిరణం చిన్న కంతలోంచి దూరి గోడ కింది భాగాన్ని తాకుతుంది, గోపురం అడుగు నుంచి వచ్చేది పైభాగాన్ని తాకుతుంది. కెమెరా పనిచేసేదీ ఈ సూత్రం మీదే.

రాజప్రాసాదాల దగ్గరి మెట్ల పుష్కరిణి 1980లలో తవ్వకాల్లో బయటపడింది. దాని నల్లరాళ్ల మీద గుర్తులు చెక్కి ఉన్నాయి. ఏ రాయి ఏ దిక్కున, ఏ వరసలో కూర్చోవాలో అవి చెబుతాయి. ముక్కలకు అంకెలు వేసిన పజిల్‌లా మొత్తం పుష్కరిణిని ఇక్కడ పేర్చారన్నమాట. స్తంభాల మీద పరిచిన రాతి కాలువ దీనికి నీళ్లు మోసుకొచ్చేది. ఆ కాలువ ఎండిపోయినా, విజయనగర కాలంలోనే తవ్విన తుర్తు కాలువ నేటికీ పారుతూ హంపీ చుట్టూ ఉన్న అరటి తోటలను తడుపుతోంది.

విఠ్ఠలాలయంలోని రాతిరథం దగ్గరికి వెళ్లేటప్పుడు జేబులో కొత్త 50 రూపాయల నోటు ఉండాలి. నోటు వెనక ఉన్న బొమ్మ ఈ రథానిదే. ఒకే రాతిలో చెక్కినట్టు కనిపిస్తుంది గానీ, నిజానికి అనేక రాళ్లను అతుకు తెలియకుండా కూర్చి గరుత్మంతుడికి కట్టిన గుడి ఇది. ముందున్న రెండు ఏనుగులు తర్వాత తెచ్చి పెట్టినవి. వాటి వెనక్కి తొంగిచూస్తే మొదట చెక్కిన గుర్రాల వెనక కాళ్లు, తోకలు కనిపిస్తాయి. 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా తీసిన ఫొటోలో రథం నెత్తిన ఇటుకల గోపురం కూడా ఉంది. దాన్ని తర్వాతి కాలంలో తీసేశారు. నోటు మీద ఉన్నది ఆ గోపురం లేని రథం.