నికోబార్ కొయ్యబొమ్మలు ఎందుకు కనుమరుగయ్యాయి? ఒక మతపరివర్తన చరిత్ర

నికోబార్ జిల్లాలో నేడు ప్రతి పదిమందిలో సుమారు ఏడుగురు క్రైస్తవులని 2011 జనాభా లెక్కలు చెబుతున్నాయి. కార్ నికోబార్ గ్రామాలలో చర్చి లేని జీవితాన్ని ఊహించడం కష్టం. అయితే పందొమ్మిదో శతాబ్ది చివరివరకూ ఈ దీవులలో క్రైస్తవం స్థిరపడలేదు. నాడు ఇంటిని కాపాడినవి కొయ్యబొమ్మలు. రోగాన్ని కుదిర్చినది మంత్రవైద్యుడు. రెండు తరాల కాలంలో ఆ వ్యవస్థ ఎలా తొలగిపోయిందన్నది వలసపాలన చరిత్రలో ఆసక్తికరమైన అధ్యాయం.

తోటలు, పందులు, పితృదేవతలు

నికోబారీలు ప్రధానంగా తోటల మీద జీవించే ప్రజలు. కొబ్బరి, మొగలిజాతి పండ్లు, పెండలపు దుంపలు వారి పంట. పందులు వారి సంపద. భూమి, చెట్లు వ్యక్తివి కావు. 'తుహెత్' అనే ఉమ్మడి కుటుంబానివి. ఈ జీవనానికి అనుగుణంగానే వారి మతమూ ఏర్పడింది. మరణించినవారి ఆత్మలు ఊరి చుట్టూ తిరుగుతుంటాయనీ, రోగం, ప్రమాదం వాటి వల్లనే కలుగుతాయనీ వారి విశ్వాసం. పూడ్చిన ఎముకలను కొన్నేళ్ల తరువాత వెలికితీసి చేసే పెద్దపండుగ కోసం పందులను ఏళ్ల తరబడి మేపేవారు. మనిషి పోయినప్పుడు అతడు వాడిన కుండలు, పనిముట్లు పగులగొట్టి సమాధి వద్ద ఉంచేవారు. వస్తువులను భంగపరచడం అక్కడ అపూర్వమైన చర్య కాదని దీనివల్ల తెలుస్తుంది.

దుష్టాత్మలను బెదరగొట్టడానికి చెక్కినవే 'కరేయౌ' అనే బొమ్మలు. మానవాకృతిలోనో, జంతురూపంలోనో ఉండే వీటికి కొన్నిచోట్ల ముత్యపుచిప్పలతో కళ్లు అమర్చేవారు. ఓడల మీద వచ్చిన ఐరోపావారిని చూసి కొన్ని బొమ్మలకు టోపీలు సైతం పెట్టారు. నాన్‌కౌరీ పరిసర దీవులలో ఇవి విశేషంగా కనిపించేవి. వీటిని 'విగ్రహాలు' అనడంలో కొంత చిక్కు ఉంది. ఇవి ఆరాధ్యదేవతలు కావు. తెలుగువారు కట్టే ఇంటికి వేలాడదీసే దిష్టిబొమ్మతో పోల్చితే వీటి స్వభావం సులువుగా అర్థమవుతుంది. కనుక వీటిని విడిచిపెట్టడమంటే దేవుణ్ణి కూలదోయడం కాదు; ఒక రక్షణ మీద నమ్మకం పోవడం.

తొలి ప్రయత్నాలు విఫలం

తమిళనాడు తీరంలోని తరంగంబాడి కేంద్రంగా ఉన్న డేన్లు 1756లో ఈ దీవులను తమవిగా ప్రకటించుకున్నారు. వారి అండతో మొరేవియన్ ప్రచారకులు 1768లో నాన్‌కౌరీ చేరి, 1787 వరకు అక్కడ శ్రమించారు. జ్వరాలు వారిని కబళించాయి. ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. క్రైస్తవ సంఘం మాత్రం ఏర్పడలేదు. స్థానిక భాష అలవడేలోపే ప్రచారకులు మరణించడం ఇందుకు ఒక ముఖ్య కారణం. తమ జబ్బునే నయం చేసుకోలేని కొత్తవారి మాటకు ఆత్మలను అదుపు చేస్తాడని పేరున్న మంత్రవైద్యుడి కంటే ఎక్కువ విలువ దక్కడం సాధ్యం కాలేదు.

1869లో బ్రిటిష్ వారు దీవులను స్వాధీనం చేసుకున్నారు. కమోర్టాలో 1888 వరకు ఒక శిక్షాస్థావరం నడిపారు. గ్రామపెద్దలకు 'కెప్టెన్' హోదా ఇచ్చి, వారి ద్వారా పాలన సాగించారు. ఆ పదవి పేరు నేటికీ వాడుకలో ఉంది. మతవిషయాలలో జోక్యం చేసుకోబోమన్నది ప్రభుత్వ సాధారణ వైఖరి. అయినా చేతబడి చేశారన్న అనుమానంతో ఊరివారే మనుషులను చంపే ఆచారాన్ని అధికారులు నేరంగా పరిగణించి శిక్షించారు. ప్రాణాలను కాపాడిన ఈ చర్యే పాత విశ్వాసవ్యవస్థ అధికారాన్నీ బలహీనపరచింది. ఎవరు దోషో తేల్చే హక్కు ఊరి చేతినుంచి కచేరీకి మారింది.

బడి, మందు, భాష

అసలు మార్పు 1890ల మధ్యలో కార్ నికోబార్‌లోని మూస్ గ్రామంలో మొదలైంది. వేదప్పన్ సాల్మన్ అనే తమిళ ఉపదేశకుడు అక్కడ ప్రభుత్వ ప్రతినిధిగా, బడిపంతులుగా, మందులిచ్చేవాడిగా ఏకకాలంలో పనిచేశారు. పాలనకూ ప్రచారానికీ మధ్య గీత ఎంత పలచనైనదో ఈ ఒక్క నియామకమే చెబుతుంది. ఆయన 1909లో మరణించేనాటికి చిన్న సమూహం మాత్రమే క్రైస్తవంలో చేరింది. కాని ఆ బడిలో చదివినవారిలో ఒకరు దీవుల చరిత్రను మార్చారు.

ఆయనే జాన్ రిచర్డ్‌సన్. 1884లో పుట్టిన ఈ నికోబారీ బాలుడు బర్మాలోని మాండలేలో చదివి, 1912లో ఉపాధ్యాయుడిగా స్వస్థలానికి తిరిగివచ్చారు. తన భాషను రోమన్ లిపిలో రాసి నేర్పారు. కొత్త నిబంధనను అందులోకి అనువదించారు. మొరేవియన్లకు దక్కనిది ఇదే: బయటివారి మతం ఇంటిమనిషి నోట, ఇంటిభాషలో వినిపించింది.

యుద్ధకాలం ఆ పరివర్తనను వేగవంతం చేసింది. 1942 నుంచి 1945 వరకు జపాన్ ఆక్రమణలో దీవులు నలిగిపోయాయి. చివరి నెలల్లో గూఢచర్యం ఆరోపణతో కార్ నికోబార్‌లో అనేకమందిని హింసించి చంపారు. ఆ ఘటనలపై 1946లో సింగపూర్‌లో విచారణ జరిగింది. ఆ కష్టకాలంలో ప్రజలకు అండగా నిలిచిన నాయకుడిగా రిచర్డ్‌సన్ మాటకు విలువ పెరిగింది. యుద్ధానంతరం కార్ నికోబార్ దాదాపు మొత్తంగా క్రైస్తవంలోకి వచ్చింది. ఆయన 1950లో బిషప్ అయ్యారు. 1952లో మొదటి లోక్‌సభకు నామినేట్ అయ్యారు. 1965లో పద్మశ్రీ, 1975లో పద్మభూషణ్ పొందారు. 1978లో కన్నుమూశారు.

పోయినదేమిటి, మిగిలినదేమిటి?

కరేయౌలు ఒక్కనాటి గొడ్డలివేటుతో పోలేదు. ఆసుపత్రి వచ్చాక రోగానికి బొమ్మ చెక్కించే అవసరం తగ్గింది. బడి వచ్చాక మంత్రవైద్యుడికి శిష్యులు కరువయ్యారు. మరోవైపు, ఐరోపా యాత్రికులు, అధికారులు అనేక బొమ్మలను సేకరించి తీసుకుపోయారు. ఒకప్పుడు ఇంటి గడప కాసినవి నేడు దేశవిదేశాల మ్యూజియంలలో అద్దాల వెనుక నిలిచి ఉన్నాయి. వాటిని చెక్కిన చేతుల నైపుణ్యాన్నీ, ఏ బొమ్మ ఏ భయానికి విరుగుడో చెప్పే జ్ఞానాన్నీ మాత్రం ఎవరూ భద్రపరచలేకపోయారు.

అయితే సమాజం పునాది కదలలేదు. భూమి నేటికీ తుహెత్‌దే. చర్చి పండుగకూ పందిమాంసపు సామూహిక విందే ప్రాణం. పడవపందాలు కొనసాగుతున్నాయి. 2004 డిసెంబర్ 26 నాటి సునామీ చర్చీలను, ఇళ్లను, తోటలను ఊడ్చిపెట్టినప్పుడు, ప్రాణాలతో మిగిలినవారిని కూడగట్టినవి ప్రార్థనాసంఘంతో పాటు తుహెత్ బంధమే. విశ్వాసం మారినా, కలిసి పంచుకునే ఆచారాన్ని నికోబారీలు కొత్త మతంలోకి తమతోపాటే తెచ్చుకున్నారు. నికోబార్ మతపరివర్తనను విజయంగానో, నష్టంగానో ఒక్క మాటలో తేల్చలేకపోవడానికి కారణం అదే.