ఉల్లిగడ్డ దగ్గర మొదలుపెడదాం

సికింద్రాబాదు మోండా మార్కెట్‌లో సెలవు రోజున తల్లి గంప పక్కన కూచునే పిల్లలను చూడండి. అర్ధకిలో బెండకాయ, పావుకిలో పచ్చిమిర్చి, రెండు కొత్తిమీర కట్టలు కలిపి ఎంతయిందో నోటిలెక్కన చెప్పేస్తారు. తెలుగులో అడిగినవాళ్లకు తెలుగులో, హిందీలో అడిగితే హిందీలో జవాబిస్తారు. బేరం ఎక్కడ తెంపాలో వాళ్లకు తెలుసు. ఇలాంటి పిల్లలే బడిలో రెండో తరగతి వాచకం తెరిస్తే నాలుగు పదాల వాక్యం దగ్గర ఆగిపోతుంటారు. వేలు అక్షరం మీద, చూపు టీచర్ మొహం మీద.

వీళ్లకు చదువు అబ్బదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నోటినిండా మాట ఉంది. చేతిలో కథల పుస్తకమే లేదు. అక్షరాలన్నీ వచ్చాకే పుస్తకం ఇస్తామని మనం పెట్టిన షరతే వాళ్లకు అడ్డం.

ఈ ఊరికి పుస్తకం కొత్త కాదు. నిజాం ఏలుబడిలో తెలుగు చదువుకు దిక్కు లేని రోజుల్లో, 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలిసింది. నాలుగేళ్లకు, 1905లో, సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయం పుట్టింది. అప్పుడు పెద్దలకు దొరకని పుస్తకం కోసం ఊరు కదిలింది. ఇప్పుడు కదలాల్సింది పిల్లల కోసం.

అంకెలు చూస్తే గుండె కలుక్కుమంటుంది. 2018లో తెలంగాణ పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో 18.1 శాతం మంది రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగారు. పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే ప్రకారం 2022 నాటికి అది 5.2 శాతానికి పడిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 22.6 నుంచి 10.3కు జారింది. కరోనాకు 2020 మార్చిలో మూతపడిన బడులు తెలంగాణలో చిన్న తరగతులకు 2021 సెప్టెంబరులో గానీ తెరుచుకోలేదు. ఆ మూడో తరగతి పిల్లలు ఒకటో తరగతిని బడిలో కూచుని చదవనేలేదు. అయితే కరోనాకు ముందున్న 18 శాతం కూడా సంతోషించాల్సిన సంఖ్యేమీ కాదు. పైగా అసర్ గ్రామీణ సర్వే. నగరం నడిబొడ్డున బజారులో పెరిగే పిల్లలు ఈ లెక్కలోకి రానే రారు.

మన లిపిలో ఒక సుగుణం ఉంది: పలికినట్టే రాస్తాం, రాసినట్టే చదువుతాం. కానీ ఆ గడప దాటడానికి పిల్లలు మోయాల్సిన బరువు తక్కువది కాదు. అచ్చులు, హల్లులు, గునింతాలు, ఆపైన ఒత్తులు. పాత పద్ధతిలో అయితే ఒక్క పదం చదవకముందే ౠ దాకా వల్లె వేయాలి. ఆ అక్షరంతో పిల్లలకు జీవితంలో ఎన్నిసార్లు పని పడుతుంది?

దీనికి మోండాలోనే మందుంది. టమాట, పాలకూర, బీరకాయ: ఒత్తు లేదు, సున్న లేదు. పిల్లలకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన పేర్లు. వీటిని అట్టముక్కల మీద పెద్దక్షరాలతో రాసి, ఆయా కూరల ముందు పెట్టి చదివించండి. తర్వాత వంకాయ, బెండకాయ, దొండకాయ. సున్న దానంతటదే వస్తుంది. ఇన్ని పేర్ల చివర ‘కాయ’ కనబడేసరికి పిల్లలు దాన్ని కూడబలుక్కోవడం మానేసి ఒక్క చూపులో పట్టేస్తారు. చదవడమంటే అదే. ఆ ధైర్యం వచ్చాక కొత్తిమీర, చిక్కుడుకాయ, పచ్చిమిర్చి. ఒత్తులు రెండున్న ఉల్లిగడ్డ చదివారంటే పిల్లలకు పట్టు చిక్కినట్టే.

కానీ ధరల పలక చదివినంత మాత్రాన చదువు మీద ప్రేమ పుట్టదు. ఆ పని కథ చేయాలి, అదీ అక్షరాలు నేర్చుకుంటున్న రోజుల్లోనే. టీచర్ రోజూ పది నిమిషాలు పుస్తకం పిల్లలవైపు తిప్పి పట్టుకుని, బొమ్మ చూపిస్తూ, లైను కింద వేలు జరుపుతూ చదవాలి. పులి గుహ దగ్గరికొచ్చిన చోట ఆపి ‘ఇప్పుడేమవుతుందంటారు?’ అని అడగాలి. తలా ఒకటి చెబుతారు. ఎవరి మాట నిజమైందో తేల్చుకోవడానికి మర్నాడు ఆ పుస్తకం కోసం వాళ్లే వస్తారు. ప్రశ్నలూ జవాబులూ రాయించకండి, దయచేసి. కథ చివర పరీక్ష ఉందని తెలిస్తే పిల్లలు కథ వినడం మానేస్తారు.

తెలుగులో పిల్లల పుస్తకాలెక్కడ అనేవాళ్లు తార్నాక దాకా వెళ్లి రావచ్చు. అక్కడ, సికింద్రాబాదులోనే, ఉన్న ‘మంచి పుస్తకం’ ప్రచురణ సంస్థ సోవియట్ కాలపు పిల్లల కథలను మళ్లీ అచ్చు వేసింది, అమెరికా తెలుగువాళ్ల సంఘం తానాతో కలిసి కొత్త బొమ్మల కథలు రాయించింది. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఫోనులోనే ఉచితంగా చదువుకోవచ్చు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ జపాన్ బడి కథ ‘రైలుబడి’ని తెలుగులోకి తెచ్చింది. రైలుపెట్టెలే తరగతి గదులైన ఆ జపాన్ బడిలో ఒక పెట్టె నిండా పుస్తకాలుంటాయి. ఎవరైనా, ఏ తరగతివాళ్లైనా, ఏ పుస్తకమైనా తీసుకోవచ్చు, ఇంటికీ పట్టుకెళ్లవచ్చు.

మన దగ్గర చాలా బడుల్లో పుస్తకాలు బీరువాలో ఉంటాయి. తాళం హెడ్‌మాస్టర్ దగ్గర. ఆయన్ను తప్పుపట్టలేం. చినిగితే, పోతే తనిఖీలో జవాబు చెప్పాల్సింది ఆయనే. 2022 ఫిబ్రవరి 5న తెలంగాణ వంద రోజుల చదువు ఉద్యమం ప్రారంభించింది. అదే ఏడాది ఆగస్టు 15న చిన్న తరగతులకు చదవడం, లెక్కలు గట్టిపరిచే ‘తొలిమెట్టు’ కార్యక్రమం వచ్చింది. రెండూ మంచివే. వాటితో పాటు, చినిగిన పుస్తకం చదివిన పుస్తకమేనని విద్యాశాఖ ఒక్క ఉత్తర్వు ఇస్తే ఆ తాళాలు ఊడిపోతాయి. నా దృష్టిలో అన్నిటికన్నా చవకైన సంస్కరణ అదే.

మోండా వ్యాపారులకు ఒక విన్నపం. నలుగురు కలిసి మార్కెట్‌లో ఒక మూల ముప్పై నలభై బొమ్మల పుస్తకాలు పెట్టండి. రద్దీ తగ్గిన మధ్యాహ్నం వేళ పిల్లలు అక్కడ కూచుంటారు. కూరలకొచ్చే పాఠకులారా, మీ పిల్లలు చదివేసిన కథల పుస్తకాలు పాత పేపర్లవాడికి తూకానికి వేయకండి. ఈసారి వచ్చేటప్పుడు సంచిలో వేసుకుని రండి. తీరిక ఉంటే ఒకటి తీసి, ఆ గంపల పక్కన కూచున్న పిల్లలకు చదివి వినిపించండి.