కోతగాయమునకు ప్రాణవాయువు

శస్త్రచికిత్స చక్కగా ముగిసిన కొన్ని దినములకు కుట్ల చుట్టు ఎఱ్ఱనై, నొప్పి హెచ్చి, చీము పట్టుట మన ఇండ్లలో వినని మాట కాదు. పప్పు పెట్టినందుననే చీము పట్టినదని వంటింటిని నిందించు పెద్దలు కలరు. పప్పు నిర్దోషి, అందలి మాంసకృత్తులు గాయము మానుటకు కావలసినవే. దోషము సూక్ష్మజీవులది.

ఎంత శుభ్రత పాటించినను, చర్మముపైనను ప్రేవులలోనను నివసించు సూక్ష్మజీవులు కొన్ని కోతలోనికి చేరుచునే యుండును. వానిని సంహరించు పని రక్తములోని తెల్లకణములది. ఇవి సూక్ష్మజీవిని మ్రింగి, ప్రాణవాయువునుండి తీక్ష్ణమైన రసాయనములను పుట్టించి, వానితో దానిని కడతేర్చును. వాయువు చాలనిచో మ్రింగుట జరిగినను చంపుట మందగించును. కోసిన చోట సన్నని రక్తనాళములు తెగియుండుటచే వాయువునకు కరవు అక్కడనే. మనము పీల్చు గాలిలో ప్రాణవాయువు నూటికి 21 పాళ్లు. మత్తులోనున్న రోగికి 80 పాళ్లు ఇచ్చినచో మేలు కలుగదా?

2000 సంవత్సరములో ప్రకటితమైన ఒక పరీక్షలో ప్రేవుల శస్త్రచికిత్స జరిగిన 500 మందిలో కొందఱికి 30 పాళ్లు, కొందఱికి 80 పాళ్లు, చికిత్స సాగినంతసేపును, పిమ్మట రెండు గంటలును ఇచ్చిరి. మొదటివారిలో నూటికి 11 మందికి, రెండవవారిలో 5 మందికి మాత్రమే గాయము చెడినది. అందఱును సంతోషించిరి. కాని 2004లో అమెరికాలో 165 మందిపై జరిగిన పరీక్ష తద్విరుద్ధముగా తేలినది. 2009లో డెన్మార్కులో 1400 మందిని పరీక్షింపగా రెండు పక్షముల నడుమ చెప్పదగిన భేదమే కనబడలేదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2016లో, గొట్టము వేసి మత్తు ఇచ్చిన పెద్దలకు 80 పాళ్లు ఈయవలెనని గట్టిగా చెప్పి, 2018లో ఆ మాటను కొంత సడలించినది. పండితులు తమ మాటను దిద్దుకొనుట మాకు లోపముగా తోచదు.

వాయువు ఎంత ఇచ్చినను దానిని మోయునది రక్తము. శరీరము చల్లబడినచో చర్మములోని నాళములు ముడుచుకొని గాయమునకు రక్తము తగ్గును. 1996లో 200 మందిని పరీక్షింపగా, చల్లబడినవారిలో నూటికి 19 మందికి, వెచ్చగా ఉంచినవారిలో 6 మందికి గాయము చెడినది. కనుక కంబళి అల్పమైన వస్తువు కాదు. పొగ త్రాగుట కూడ నాళములను ముడుచును. చికిత్సకు కొన్ని వారముల ముందే మానవలెను. కోయబోవు చోట ఇంటివద్ద మంగలికత్తితో గొఱిగించుకొని పోవుట మంచిది కాదు. చర్మముపై పడు సన్నని గాట్లలో సూక్ష్మజీవులు చేరును. వెండ్రుకలు తీయక తప్పనిచో ఆసుపత్రివారే కత్తిరింపు యంత్రముతో తీయుదురు.

ఇంటికి వచ్చిన పిదప నెల దినములలో ఎప్పుడైనను కుట్లవద్ద ఎఱుపు, వాపు, స్రావము, లేదా జ్వరము కనబడినచో, పసుపు పూసి వేచియుండక, చికిత్స చేసిన వైద్యునికే చూపవలెను.