మధుమేహము – రక్తములోని క్రొవ్వు – స్టాటిన్ మాత్ర

మధుమేహమనగానే మనవారి ఆలోచన చక్కెర దగ్గరనే ఆగిపోతుంది. టీలో చక్కెర మానినామని, మామిడిపండు ముట్టడము లేదని చెప్పుకొని తృప్తిపడేవారు నల్లగొండలోను, మహబూబ్‌నగర్‌లోను ఎందరో ఉన్నారు. కాని ఈ వ్యాధిగ్రస్తుల మరణకారణములలో మొదటిస్థానము గుండె, రక్తనాళముల జబ్బులదే. ఈ సంగతి తెలిసిన ఇండ్లు తక్కువ.

క్రొవ్వు నీటిలో కరగదు. కనుక అది మాంసకృత్తుల పొట్లాలలో చేరి రక్తములో ప్రయాణిస్తుంది. వీటిలో ఎల్.డి.ఎల్. అనేది కొలెస్టరాల్‌ను నాళముల గోడలకు చేరవేస్తుంది, హెచ్.డి.ఎల్. దానిని తిరిగి కాలేయమునకు తెస్తుంది. రెండవ రకము మధుమేహములో ఇన్సులిన్ సరిగా పనిచేయదు గనుక కాలేయము ట్రైగ్లిజరైడ్లను అధికముగా రక్తములోకి వదులుతుంది. హెచ్.డి.ఎల్. తగ్గుతుంది. ఎల్.డి.ఎల్. రేణువులు చిన్నవై, చిక్కనై, గోడలలోకి సులభముగా చొరబడతాయి. అప్పుడు కూడ రిపోర్టులో ఎల్.డి.ఎల్. అంకె మామూలుగానే కనిపించవచ్చును! ‘నార్మల్’ అన్న మాటను చూచి మోసపోయేది ఇక్కడనే.

ఇందులో మన ఆహారమునకును పాలు కలదు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలిన తరువాత మిర్యాలగూడ ప్రాంతము వరిమయమైనది. జొన్నరొట్టె తిన్న ఇండ్లలో మూడుపూటల తెల్లన్నము చేరినది. పిండిపదార్థము మితిమీరితే ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. నూనె మానినంత మాత్రాన క్రొవ్వు తగ్గునన్న నమ్మకము సగమే నిజము.

స్టాటిన్ పుట్టుక చిత్రమైనది. జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో సుమారు ఆరువేల సూక్ష్మజీవుల రకములను పరీక్షించి, 1973లో ఒక బూజునుండి తొలి స్టాటిన్‌ను వేరుచేసినారు. ఆ బూజు క్యోటో నగరములోని ధాన్యపు దుకాణమునుండి వచ్చిన బియ్యములో దొరికినది. రైసుమిల్లుల సీమవారమైన మనకు ఈ వృత్తాంతము ప్రత్యేకముగా నచ్చవలె. 1987లో లోవాస్టాటిన్ అమెరికాలో అనుమతి పొందినది. ఎండో 2024లో కీర్తిశేషులైనారు.

ఈ మందు కాలేయములో కొలెస్టరాల్ తయారీకి కీలకమైన ఒక ఎంజైమును అడ్డగిస్తుంది. కొరత ఏర్పడిన కాలేయకణములు తమపైనున్న గ్రాహకములను పెంచుకొని, రక్తములోని ఎల్.డి.ఎల్.ను లాగుకొంటాయి. ఈ గ్రాహకములను కనుగొన్న బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి లభించినది.

మధుమేహులకు ఇది ఎంత మేలుచేయునో 2004లో వెలువడిన ‘కార్డ్స్’ పరిశోధన తేల్చినది. గుండెజబ్బు ఇంకను రాని 2,838 మందిలో కొందరికి రోజుకు 10 మిల్లీగ్రాముల అటార్వాస్టాటిన్, కొందరికి ఉత్తమాత్ర ఇచ్చినారు. మందు తీసుకొన్నవారిలో గుండెపోటు, పక్షవాతము వంటి ప్రమాదములు 37 శాతము తగ్గినవి. ఫలితము స్పష్టముగా ఉండుటచే పరిశోధనను రెండేండ్లు ముందుగానే ముగించినారు. వారి ఎల్.డి.ఎల్. మొదట మరీ ఎక్కువేమీ కాదు. అందుచేతనే 40 నుండి 75 ఏండ్ల మధుమేహులకు, కొలెస్టరాల్ అంకె ఎట్లున్నను, వైద్యులు ఈ మాత్ర వ్రాస్తున్నారు.

భయములు లేకపోలేదు. కొందరికి కండరముల నొప్పి రావచ్చును. అప్పుడు వైద్యుడు మోతాదు తగ్గిస్తాడు, లేదా మరొక స్టాటిన్‌కు మారుస్తాడు. నొప్పి తీవ్రమై మూత్రము నల్లబడితే వెంటనే దవాఖానకు పోవలె. స్టాటిన్ రక్తములోని చక్కెరను కొద్దిగా పెంచుననుటయు నిజమే. అయినను మధుమేహులకు కలిగే లాభము దానిని మించినది. గర్భిణులు సాధారణముగా దీనిని వాడరాదు.

విద్యార్థులారా, మీ ఇండ్లలో జరిగే పొరపాటు వేరు. మూడునెలలు మాత్ర మింగి, రిపోర్టు బాగున్నదని మానివేయడము! అంకె తగ్గినది మాత్ర వలననే. మానిన కొన్ని వారములలో అది మునుపటి స్థితికి వస్తుంది; నొప్పిగాని, నీరసముగాని లేనందున రోగికి తెలియదు. రంజాన్ మాసములో ఉపవాసము పేరిట దీనిని ఆపనక్కరలేదు. దినమునకు ఒకసారి వేసుకొనే మాత్ర గనుక ఇఫ్తార్ తరువాత తీసుకొనవచ్చును. చక్కెర మాత్రల, ఇన్సులిన్ల వేళలు మాత్రము ఉపవాసములకు ముందే వైద్యునితో మాట్లాడి మార్చుకొనవలె.